మందుల సంచిలో ట్రమడాల్ ఎందుకు?

అపెండిక్స్ శస్త్రచికిత్స చేయించుకుని ఇంటికి వెళ్తున్న పదిహేనేళ్ల పిల్లవాడి మందుల సంచి ఒకసారి తెరిచి చూడండి. యాంటీబయాటిక్, గ్యాస్ మాత్రలతో పాటు ట్రమడాల్ కూడా కనిపించవచ్చు. ‘నొప్పి మాత్ర’ అంటారే తప్ప అది నల్లమందు తరహాలో పనిచేసేదని, 2018 నుంచి మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉన్నదని చెప్పేవారు తక్కువ.

ట్రమడాల్‌ను కాలేయం మరింత శక్తిమంతమైన పదార్థంగా మారుస్తుంది. కొందరి శరీరంలో పుట్టుకతోనే ఈ మార్పు అతివేగంగా జరుగుతుంది. అటువంటివారికి మామూలు మోతాదే నిద్రలో ఊపిరిని మందగింపజేయవచ్చు. అందుకే 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పన్నెండేళ్లలోపు పిల్లలకు దీనిని పూర్తిగా వద్దన్నది. టాన్సిల్స్ తీసిన తరువాత పద్దెనిమిదేళ్లలోపు వారికీ వద్దన్నది. పైగా మలబద్ధకం. కడుపు మీద కుట్లున్న పిల్లవాడికి ముక్కవలసి రావడం ఎంత బాధో వేరే చెప్పాలా?

నా సర్వీసు రోజుల్లో రాత్రి వార్డులో కేక వినిపిస్తే ఫోర్ట్‌విన్ సూది వేయించి పడుకోబెట్టేవాళ్లం. అదీ ఆ జాతి మందే. గర్వంగా చెప్పుకునే మాట కాదిది. గాయం దగ్గర మత్తుమందు ఇచ్చి, తొలి రెండు మూడు రోజులు నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళకు పారాసెటమాల్ ఇస్తే చాలామంది పిల్లలకు సరిపోతుంది. నలభై కిలోల పిల్లవాడికి ఆరు గంటలకొక 500 మిల్లీగ్రాముల మాత్ర. తొడ ఎముక, వెన్నెముక వంటి పెద్ద శస్త్రచికిత్సలకు ఆసుపత్రిలో, కనిపెట్టి చూస్తూ మార్ఫిన్ ఇవ్వవలసిందే. పిల్లవాణ్ణి నొప్పితో వదిలేయడం వైద్యం కాదు. నా అభ్యంతరమల్లా ఇంటికి పంపే సంచి గురించే.

అయితే మన జిల్లాకు ఒక మెలిక ఉంది. ఇతరచోట్ల పారాసెటమాల్‌కు ఐబుప్రొఫెన్ జోడించి ట్రమడాల్ తగ్గిస్తారు. మంచి పద్ధతే. కానీ కవిటి, సోంపేట, కంచిలి, మందస ప్రాంతాల ఉద్దానం పిల్లవాడికి కూడా కళ్లు మూసుకుని అలాగే రాయవచ్చా? అక్కడ మధుమేహం, రక్తపోటు లేనివారికీ మూత్రపిండాలు చెడుతున్నాయి. కారణం ఇప్పటికీ తేలలేదు. వాంతులతో, ఉపవాసంతో ఒళ్లు ఎండిన పిల్లవాడికి ఐబుప్రొఫెన్ గానీ, ఊళ్లో వేసే డైక్లోఫెనాక్ సూది గానీ మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని ఇంకా తగ్గిస్తుంది. ముందుగా క్రియాటినిన్ చూడకుండా ఇవి ఇవ్వకూడదన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం. రిపోర్టు మీద అచ్చయ్యే హద్దు సాధారణంగా పెద్దలది. బక్కపలచని పిల్లవాడికి 1.2 వస్తే ‘నార్మలే’ అని సరిపెట్టుకోకండి, డాక్టరును మళ్లీ అడగండి.

ఇప్పటికే ఇంట్లో ట్రమడాల్ మిగిలి ఉంటే, తాతయ్య మోకాళ్లకు పనికొస్తుందని బీరువాలో దాచకండి.