వంటింటి చెవికి రాజకీయాలు వద్దా?

"ఆడవాళ్లు తప్పక వినాల్సిన పాడ్‌కాస్ట్‌లు" అని ఎవరైనా జాబితా పంపితే, తెరవకుండానే అందులో ఏముంటుందో చెప్పేయొచ్చు. వంటలు, ముఖానికి మెరుపు, పిల్లల పెంపకం, రెండు ప్రవచనాలు, చివర్లో "మీ కోసం మీరు కాస్త సమయం ఉంచుకోండి" అని ఒక ఉపదేశం. అదే మగవాళ్ల జాబితా అయితే రాజకీయాలు, వ్యాపారం, సినిమా, చరిత్ర. ఇంట్లో ఇద్దరి ఓటరు కార్డులూ ఒకలాంటివే కదా. మరి చెవులకు మాత్రం వేరు వేరు పంక్తులు ఎందుకు?

వంటల కార్యక్రమాల మీద నాకు కోపం లేదు. గోంగూర పచ్చడికి కొత్త పద్ధతి ఎవరైనా చెబితే నేనూ వింటాను. నా తగువల్లా మనకు అదొక్కటే చాలని ముందే తేల్చేసినవాళ్లతో. రోజంతా చేసే పని గురించే, ఆ పని చేస్తున్నప్పుడు కూడా వినమంటే అది వినోదమా, ఓవర్‌టైమా?

ఇంటి పనిలో చేతులకు తీరిక ఉండదు, కళ్లకూ ఉండదు. తీరిక దొరికేది చెవులకే. చిక్కుడుకాయల ఈనెలు తీసేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, బియ్యం ఏరేటప్పుడు వినేదే చాలామందికి పెళ్లి తర్వాత మిగిలిన చదువు. అందులో ఏం పడుతుందన్నది చిన్న విషయం కాదు.

"రాజకీయాలు మనకెందుకమ్మా" అంటారు కొందరు. మనం వాటిని వదిలేసినా అవి మనల్ని వదలవు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఆ రోజు నుంచే "పనీపాటా లేక తిరుగుతున్నారు" అనే వెటకారమూ మొదలైంది. జీరో టికెట్టు డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి. ప్రభుత్వానికి ఆ డబ్బు మనం కొనే సబ్బు మీద, టూత్‌పేస్టు మీద వేసే పన్నుల నుంచి కూడా వస్తుంది. ఈ సంగతి తెలిసినామె వెటకారానికి జవాబు చెబుతుంది. తెలియనామె కిటికీలోంచి బయటికి చూస్తుంది.

చట్టసభల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్లకని 2023 సెప్టెంబరులో పార్లమెంటు బిల్లు ఆమోదించినప్పుడు స్వీట్లు పంచుకున్నాం. జనాభా లెక్కలు, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరిగితేనే అమలు అనే మెలిక అదే చట్టంలో ఉందని మనలో ఎంతమంది విన్నాం? అంత దూరం ఎందుకు, మన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. ఏళ్ల తరబడి మేడిపల్లి రోడ్డు మీంచి లేచి వాకిళ్లలో పడ్డ దుమ్ము ఊడ్చిందెవరు? చీపురు పట్టుకున్నవాళ్లకు ఆ టెండరు సంగతి అడిగే హక్కు లేదా?

వింటే ఏమవుతుందంటారా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లను గుర్తు చేసుకోండి. రాత్రి బడిలో "సీతమ్మ కథ" అనే పాఠం విని, అది తమ కథేనని గుర్తుపట్టి, సారా దుకాణం మూయించారు. ఆ ఊళ్లో మొదలైన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం దాకా, 1995లో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్లింది. ఆ నిషేధం నిలవకపోవడం వేరే కథ. కానీ ప్రభుత్వాన్ని కదిలించిన ఆ ఆడవాళ్లు డిగ్రీలు చదివినవాళ్లు కారు.

పాత రేడియో కూడా మనల్ని ఇంత తక్కువగా అంచనా వేయలేదు. హైదరాబాద్ కేంద్రం కార్మికుల కార్యక్రమంలో రతన్ ప్రసాద్ గొంతుతో చిన్నక్క, రాంబాబుతోనూ ఏకాంబరంతోనూ లోకం సంగతులన్నీ వాదించేది. వాళ్లిద్దరి మాటలకు తలూపడానికి రాలేదామె. ఇప్పటి మూడు గంటల ఇంటర్వ్యూలు చూడండి. విజయం సాధించిన పెద్దమనిషి తన కథంతా చెప్పుకుని, చివర్లో "మా ఆవిడ సపోర్ట్ చాలా ఉంది" అంటాడు. ఆ ఆవిడ కథ ఒక్క వాక్యం. హీరోయిన్ వస్తే ప్రశ్న "పెళ్లెప్పుడు?" ఇదా కొత్త మాధ్యమం?

కాబట్టి జాబితా నేనే చెబుతాను. రాజకీయాలకు ప్రొఫెసర్ కె. నాగేశ్వర్ విశ్లేషణలు వినండి. ఉస్మానియాలో జర్నలిజం పాఠాలు చెప్పినవారు, ఎమ్మెల్సీగా చేసినవారు. ఒక విషయాన్ని పాఠంలా విప్పి చెబుతారు. బీబీసీ తెలుగులో జీఎస్ రామ్మోహన్ చేసిన "వీక్లీ షో విత్ జీఎస్" కూడా వినదగ్గది. వినోదానికి పూరి జగన్నాథ్ "పూరి మ్యూజింగ్స్" ఉంది. ఒక్కోటీ పప్పు ఉడికేలోపు అయిపోతుంది. ఆయన చెప్పేవన్నీ ఒప్పుకోనక్కర్లేదు, గరిటె తిప్పుతూ పోట్లాడుకోవచ్చు. అమెరికాలో ఉంటూ "కౌముది" పత్రిక నడిపే కిరణ్ ప్రభ టాక్ షోలో రచయితల, సినిమావాళ్ల జీవితాలు భాగాలు భాగాలుగా దొరుకుతాయి. రాయాలన్న కోరిక ఎక్కడో మిగిలున్నవాళ్లకు "హర్షణీయం". అందులో కథలు చదువుతారు, రచయితలతోనూ అనువాదకులతోనూ మాట్లాడతారు. కథ ఎలా పుడుతుందో రాసినవాళ్ల నోటనే వినొచ్చు.

ఒక చిన్న చిట్కా. డబ్బు కట్టకుండా వినే యూట్యూబ్‌లో ఫోన్ తెర ఆపేస్తే మాట ఆగిపోతుంది. పాడ్‌కాస్ట్ యాప్‌లో దొరికేవాటిని వైఫై ఉన్నప్పుడు దించుకుంటే, ఫోన్ కొంగున కట్టుకుని తిరిగినా వినిపిస్తూనే ఉంటుంది.

చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే "పిలిస్తే పలకదు, పొగరు" అనే ఇళ్లున్నాయి. హాల్లో టీవీ చర్చ పెద్దగా పెట్టుకుని, మనం ఏమడిగినా "ఆఁ" అనేవాళ్లను ఆ మాట ఎవరూ అనరు. ఒక చెవిలోనే పెట్టుకోండి, కుక్కర్ కూత వినడానికి రెండోది చాలు. ఇంట్లో గొడవలవుతాయన్న భయం కూడా ఉంది. అభిప్రాయం ఉన్న మనిషి ఉన్నచోట వాదన వస్తుంది. వాదనే రాని ఇంట్లో శాంతి ఉందనుకుంటాం, చాలాసార్లు అక్కడ ఉన్నది ఒకరి మౌనం.

ఈ వారం ఒక్క పని చేయండి. మీకు నచ్చని పార్టీ గురించి ఒక భాగం, నచ్చిన పార్టీని విమర్శించే భాగం ఒకటి వినండి. తర్వాత ఎవరైనా మీకు "ఆడవాళ్ల జాబితా" పంపితే, మగవాళ్ల జాబితా కూడా పంపమని అడగండి. రెండూ చూసి, ఏది వినాలో మీరే ఎంచుకోండి.