అయిదో నిమ్మకాయ

కొత్త బండి కొన్నవాడు మా ప్రాంతంలో మొట్టమొదట చేసే పని బీచుపల్లికి వెళ్ళడం. కృష్ణ ఒడ్డున ఆంజనేయస్వామి ఎదుట బండి నిలిపి, కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించి, అప్పుడుగాని దానిని మన బండి అనుకోము. నేనూ అదే చేశాను. ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినప్పుడు వచ్చిన సొమ్ములో అధికభాగం పెట్టి కొన్న కారు అది. నాలుగు నిమ్మకాయలూ టప్పున చితికాయి. అర్చకస్వామి నవ్వుతూ "ఇంక దిష్టి లేదు" అన్నారు. అయిదో నిమ్మకాయ చక్రాల కింద కాక చక్రాల మీదనే ఉన్నదని ఆనాడు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ మాటకు అర్థం తరువాత చెబుతాను. ముందు నా గోడు వినండి. కంపెనీ పేరు రాయను, షోరూము పేరూ రాయను. భయపడి కాదు. పేరు రాస్తే "ఓహో, ఆ కంపెనీయా! మాది వేరు" అనుకుని చదువరి నిశ్చింతగా నిద్రపోతాడు. ఇది ఏ ఒక్క కంపెనీ కథా కాదన్నదే నా అభియోగం.

మాకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఒకే ఇంటిలోని మూడు గదుల వంటివి. 2016 అక్టోబరు 11న మూడూ మూడు జిల్లాలైనాయిగాని, అంతకుముందు మూడూ పాలమూరు బిడ్డలే. నా కాపురం గద్వాలలో. కూతురి ఉద్యోగం వనపర్తిలో. ఎనభయ్యో పడికి దగ్గరవుతున్న మా అమ్మ నాగర్‌కర్నూలు దగ్గరి పల్లెలో, ఊరు విడిచి రానంటుంది. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, పెబ్బేరు, వనపర్తి, గోపాల్‌పేట మీదుగా ఆ మూడు గదుల మధ్య తిరగడానికే కారు కొన్నాను. విలాసానికి కాదు.

మూడో వారంలోనే, ఇంజను బొమ్మ ఉన్న పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగింది. వెలిగీ వెలగడంతోనే బండి బలం చచ్చిపోయింది. ఎంత తొక్కినా ఎద్దుబండి నడక. పక్కకు ఆపి, తాళం తీసి, పది నిమిషాలాగి మళ్ళీ వేస్తే మామూలే. అమ్మినవారికి ఫోను చేశాను. "కొత్త బండి కదా సార్, సెట్ కావాలి" అన్నారు. సెట్ కావలసింది బండి కాదు నేనని గ్రహించడానికి నాకు పదహారు నెలలు పట్టింది.

అమ్మేటప్పుడు వారు మా వీధికే వచ్చారు. ఇంటి ముందర బండి పెట్టి, మా ఆవిడను కూడా కూర్చోబెట్టి ఊరంతా తిప్పారు. బాగుచేయించుకోవడానికి మాత్రం మేమే పోవాలి. అమ్మకపు కౌంటరు చిన్న ఊళ్ళో, మరమ్మతు షెడ్డు పెద్ద ఊళ్ళో. ఇదొక వ్యాపార ధర్మం కాబోలు. రానూ పోనూ ఒక పూట, అక్కడ నిరీక్షణ ఒక పూట. బండి అక్కడే వదిలితే తిరుగు ప్రయాణం ఆర్టీసీ బస్సులో.

పదకొండుసార్లు పోయాను. ప్రతిసారీ ఒక కొత్త వ్యాఖ్యానం. మొదట "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం" అన్నారు. తరువాత "సెన్సార్ మార్చాం". ఆ తరువాత "మీ ఊరి బంకులో పెట్రోలు మంచిది కాదు", మరోమారు "ఎలుకలు వైరు కొరికాయి". నేను కొరికిన వైరు చూపించమంటే చూపలేదు. అటుపైన "మీరు గేరు మార్చే తీరు సరిగా లేదు". చిట్టచివరకు వేదాంతం: "మేము నడిపితే రావడం లేదు సార్." జబ్బు ఉన్నదన్న సంగతి ఒప్పుకోక తప్పనప్పుడు రోగిదే తప్పు, తప్పించుకునే సందు దొరికితే అసలు జబ్బే లేదు! అన్నీ కలిపి నలభై ఏడు రోజులు బండి వారి షెడ్డులో ఉంది. ఆ నలభై ఏడు రోజులకూ బ్యాంకు వాయిదా ఆగలేదు, బీమా ఆగలేదు.

ఒక శ్రావణమాసపు రాత్రి అమ్మకు ఆయాసం ఎక్కువైంది. గుండె డాక్టరు కర్నూలులో. గోపాల్‌పేట దాటేవరకు బాగానే ఉన్న బండి, జాతీయ రహదారి ఎక్కి, సరిగ్గా బీచుపల్లి వంతెన సమీపంలో పసుపుపచ్చ దీపం వెలిగించింది. వెనుకనుంచి లారీలు హారన్లు మోగిస్తూ మమ్మల్ని రాసుకుంటూ పోతున్నాయి. వాన. నిమ్మకాయలు తొక్కించిన చోటికి కూతవేటు దూరంలో, అమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని మా ఆవిడ, టోల్‌ఫ్రీ నంబరు చెవికి ఆనించుకుని నేను. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమైనది" అని యంత్రం ఇరవై నిమిషాలు చెప్పింది. చివరకు టమాటా పెట్టెలతో పోతున్న ఒక ఆటోట్రాలీ డ్రైవరు ఆపి, ముందు సీటులో అమ్మను కూర్చోబెట్టుకుని కర్నూలు చేర్చాడు. డబ్బిస్తే తీసుకోలేదు. అమ్మ బతికింది. ఇప్పటికీ ఎక్కడికి పోవాలన్నా ఒకటే మాట: "గా కారు వద్దు బిడ్డా, బస్సుల పోదాం."

యంత్రం చెడిపోవడం తప్పు కాదు. మనిషి చేసిన వస్తువు మనిషిలాగే జబ్బుపడుతుంది. ఆ సంగతి నేను ఒప్పుకుంటాను. చెడిన యంత్రాన్ని చెడలేదనడం మాత్రం తప్పు. నా తగవు ఇంజనుతో కాదు, మాటతో.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. బండి తిరిగి వచ్చిన ప్రతి మూడోరోజు ఒక ఫోను వచ్చేది. "సర్వీసుకు పదికి ఎన్ని మార్కులు ఇస్తారు సార్?" అంతకుముందే సర్వీస్ అడ్వైజరు కుర్రవాడు చేతులు పట్టుకుని చెప్పేవాడు: "పదికి పది చెప్పండి సార్. తొమ్మిదన్నా నాకు ఇన్సెంటివ్ కట్." ఆ పిల్లవాడు వనపర్తిలో, రాజావారి మహల్లో వెలసిన పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివాడట. ఇంజను విప్పి చూడగల చదువు చదివినవానికి, ఇంజనును తాకే పని లేక, వచ్చినవాళ్ళకు క్షమాపణలు చెప్పుకునే ఉద్యోగం దొరికింది. నా శిష్యులు కళ్ళముందు మెదిలారు. పది ఇచ్చాను. ఒకసారి కాదు, తొమ్మిదిసార్లు.

బీచుపల్లి రాత్రి తరువాత లాయరు చేత నోటీసు ఇప్పించాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. అందులో ముఖ్య వాక్యం ఇది: వినియోగదారుడు తొమ్మిది సందర్భాలలో సేవల పట్ల సంపూర్ణ సంతృప్తి వ్యక్తం చేసినట్లు రికార్డులు చూపుచున్నవి. నా జాలిని నాకే సాక్ష్యంగా అంటించారు! మొహమాటం గురించి మనకొక సామెత ఉంది. మర్యాద కోసం పూర్తిగా రాయడం లేదు, మీకు తెలిసినదే. తెలుగువాడి మొహమాటం మీద ఇంత పెద్ద వ్యాపారం కట్టవచ్చునని ఎవరు కనిపెట్టారోగాని, వారికి నా నమస్కారం.

ఇప్పుడు అయిదో నిమ్మకాయ సంగతి. అమెరికాలో, ఎన్నిసార్లు బాగుచేసినా బాగుపడని కారును నిమ్మకాయ అంటారు. 1982లో కనెక్టికట్ రాష్ట్రం దాని పేరుమీద చట్టమే చేసింది. తక్కిన రాష్ట్రాలూ ఆ బాట పట్టాయి. సారాంశం చాలా సులువు: కొన్న తొలి రోజులలో ఒకే లోపానికి నాలుగుసార్లు మరమ్మతు చేసినా కుదరకపోతే, లేదా మొత్తం 30 రోజులు బండి షెడ్డులోనే ఉంటే, బాగుచేయడానికి తగినంత అవకాశం ఇచ్చినట్టే లెక్క. ఆపైన మార్చి ఇవ్వాలి, లేదా డబ్బు వాపసు ఇవ్వాలి. 2013 అక్టోబరు నుంచి చైనాలోనూ కార్లకు ఇటువంటి నిబంధనలు ఉన్నాయి. నాలుగు, ముప్పై. పదకొండు, నలభై ఏడు చేతిలో పెట్టుకున్న నేను ఆ అంకెలు చదివి కాసేపు మాటలేక కూర్చున్నాను.

మనకు చట్టమే లేదని కాదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానే 2019లో చేసిన కొత్త చట్టం 2020 జులైలో అమలులోకి వచ్చింది. అందులో మావంటి దూరపు ఊళ్ళవారికి ఒక గొప్ప మేలు ఉన్నది. ప్రత్యర్థి ఊరికి కాక, ఫిర్యాదీ తాను నివసించే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల వరకైతే రుసుము లేదు, 10 నుంచి 20 లక్షల మధ్యనైతే 400 రూపాయలు. మూడు నెలలలో, పరీక్ష అవసరమైతే అయిదు నెలలలో తేల్చడానికి ప్రయత్నించాలని కూడా రాసి ఉంది. చేయి తిరిగిన చట్టమే.

ముల్లు మరొక చోట ఉంది. బండిలో తయారీలోపం ఉన్నదని నిరూపించవలసినది ఎవరు? కొన్నవాడు. నిపుణుని నివేదిక తేవలసినదీ, పరీక్షకు రుసుము కట్టవలసినదీ సాధారణంగా అతడే. గద్వాలలో నాకు నిపుణుడు ఎక్కడ దొరుకుతాడు? నలభై ఏళ్ళ అనుభవమున్న మా వీధి మెకానిక్కును అడిగాను. బానెట్టు ఎత్తి చూసి, మూసి, "సార్, గిది చేతులతోని జేసే పని గాదు. కంప్యూటర్ పెట్టి సూడాలె. ఆ కంప్యూటర్, దాని తాళంచెవి వాళ్ళ దగ్గర్నే ఉంటయ్" అన్నాడు. ఈ మాటనే మరింత పెద్ద భాషలో 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ అన్నది. విడిభాగాలు, లోపాలు కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేశారని 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకు పోయాయి. మా మెకానిక్కు చేతికి ఆ తాళంచెవి నేటికీ రాలేదు. జబ్బు తెలుసుకునే సాధనం ముద్దాయి దగ్గర, జబ్బు నిరూపించే భారం ఫిర్యాదీ మీద. ఇదెక్కడి న్యాయం?

పైగా వారంటీ. 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ అంటే చెడిన భాగం మార్చే హామీయేగాని కారు మార్చే హామీ కాదన్నది. కాగితం మీద రాసుకున్నది అదే కాబట్టి కోర్టును ఏమనగలం? ఆ కాగితం ఎవరు రాశారన్నది ప్రశ్న. 2021లో టాటా మోటార్స్ కేసులో, డీలరు పాత మోడలు కారు అంటగట్టిన వ్యవహారం తయారీదారుకు తెలుసునని రుజువు కానందున, ఆ తప్పుకు తయారీదారు బాధ్యుడు కాడన్నది. ఇద్దరూ వేరువేరు వ్యాపారులట. ఆ తీర్పు ఆ కేసుకు సబబే కావచ్చు. నా అనుభవంలో ఈ వేరువేరు అన్న మాట బంతాట అయింది. డీలరును అడిగితే "కంపెనీ అప్రూవల్ రాలేదు". కంపెనీని అడిగితే "డీలరును సంప్రదించండి". అమ్మేటప్పుడు ఇద్దరి పేర్లూ ఒకే బోర్డు మీద వెలుగుతాయి. చెడినప్పుడే అద్వైతం ద్వైతమవుతుంది.

మా ఊరి చీర చూడండి. ఒడలు నూలు, అంచు కొంగు పట్టు. రెండు వేరు జాతుల దారాలు. వాటిని పోగు పోగుకూ ముడివేసి కలిపే ఆ జోడింపులోనే గద్వాల చీర పనితనమంతా ఉన్నది. జోడింపు దగ్గర చీర విడిపోతే, నూలు నాది, పట్టు వేరొకరిది అని ఏ నేతగాడూ అనగా నేను వినలేదు. అటువంటి చీరను వెనక్కు తీసుకుని తలవంచుకున్న నేతగాణ్ణి చూశాను. బాధ్యత ఉండవలసింది జోడింపులోనే. మోటారు వ్యాపారంలో బాధ్యత విడిపోయేది కూడా సరిగ్గా ఆ జోడింపు దగ్గరే.

కాబట్టి నేను అడిగేవి మూడు. ఇన్నిసార్లు, ఇన్ని రోజులు అని అంకెలతో ఒక నియమం మన చట్టంలోకి రావాలి. ఆ గీత దాటినాక లోపం లేదని నిరూపించే భారం అమ్మినవారిది, చేసినవారిది కావాలి. రెండు, లోపం చూపే పరికరం ఏ మెకానిక్కుకైనా దొరకాలి. మూడు, జాబ్‌కార్డు మీద ఫిర్యాదు నా మాటలలో, నా భాషలో రాయాలి. "వంతెన మీద బండి ఆగింది, అమ్మకు ఆయాసం" అని నేను చెబితే, "జనరల్ చెకప్" అని వారు రాసుకోకూడదు.

అంతవరకు తోటివారికి నా మనవి. జాబ్‌కార్డు చదవకుండా సంతకం పెట్టకండి. ప్రతి కాగితం దాచండి. దీపం వెలిగినప్పుడల్లా ఫోనులో వీడియో తీయండి. రెండేళ్ళ గడువు దాటనీయకండి. పదికి పది అడిగే పిల్లవాని మీద జాలి ఉంటే అతనికి టీ తాగించండి, మార్కులు మాత్రం నిజమే చెప్పండి.

మిత్రుడొకడు సలహా ఇచ్చాడు: "ఎందుకీ తంటా? దీపం ఆరిపోయి ఉన్న రోజు చూసి ఎవరికైనా అమ్మేయరాదా?" అమ్మవచ్చు. నల్లమల అంచున ఏ ఊళ్ళోనో ఒక అమాయకుడు కొంటాడు, వానికీ ఒక తల్లి ఉంటుంది. నేను ఆ రాత్రి ఆగిన చోటే వాడూ ఆగుతాడు. నాకు జరిగిన మోసాన్ని నా చేతితో ఇంకొకరికి అంటించిన మరుక్షణం, ఆ షోరూమువారిని నిందించే నోరు నాకు ఉండదు.

బండి మా వాకిట్లో వేపచెట్టు కింద ఉంది. ఫిర్యాదు కమిషన్‌లో ఉంది. పోయినవారం మళ్ళీ ఆ ఫోను వచ్చింది, పదికి ఎన్ని అని. సున్నా అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "కారణం ఏమి రాసుకోమంటారు సార్?"

"బీచుపల్లి అని రాసుకో అమ్మా" అన్నాను.