రిటర్న్ వేసినంత మాత్రాన పన్ను కట్టినట్టా?

లక్సెట్టిపేటలో రెండెకరాల వరి, ఎకరం పత్తి వేసే రైతుకు ఐటీ రిటర్న్‌తో పనేంటి? సాగు ఆదాయాన్ని ఆదాయపు పన్ను చట్టమే మినహాయించింది. అయినా ట్రాక్టరు లోను కోసమో, కిరాణా కొట్టు అప్పు కోసమో సున్నా పన్నుతో రిటర్న్ వేసినవాళ్లు మనలో ఉన్నారు. ఏడాదికి 6,000 రూపాయల పీఎం కిసాన్ సాయం పోతుందేమోనని వాళ్లిప్పుడు భయపడుతున్నారు.

నిబంధన ఏమంటోంది? గత అసెస్‌మెంట్ సంవత్సరంలో పన్ను కట్టినవారు అనర్హులు అంటోంది. కట్టినవారు అంది, రిటర్న్ వేసినవారు అనలేదు. 2024 రుణమాఫీ మార్గదర్శకాలూ పీఎం కిసాన్ మినహాయింపులనే పట్టుకున్నాయి. అక్కడా ఇదే లెక్క ఉండాలి.

అవసరం లేకున్నా వేయమనే ఏజెంట్ల మాట మేం ఒప్పుకోం. అసలే వేయొద్దనే భయాన్నీ ఒప్పుకోం. డిపాజిట్ వడ్డీలో టీడీఎస్ కోస్తే రిటర్న్ వేయండి, మన పైసలు మనం తెచ్చుకుందాం. పంట రుణం భూమిని, పంటను చూసి ఇచ్చేది. దానికి రిటర్న్ తెమ్మంటే ఆ మాట రాసివ్వమనండి.

సున్నా రిటర్న్ సాకుతో పేరు తీసేస్తే ఊరుకోవద్దు. మండల వ్యవసాయాధికారికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. సంఘం మీ వెంట ఉంటుంది. పన్ను కట్టని రైతును పన్ను కట్టినవాడిగా రాసే హక్కు ఏ ఆఫీసుకూ లేదు!