ఎంసీబీ పడిపోతోందని పెద్దది వేయించకండి

ఎండలు ముదిరాయంటే నా ఫోనుకు తీరిక ఉండదు. సగం మంది అడిగేది ఒకటే. "మేస్త్రీ గారూ, కొత్త ఏసీ పెట్టించాం. అరగంట తిరక్కుండానే ఎంసీబీ పడిపోతోంది. అది తీసేసి కాస్త పెద్దది వేసి వెళ్లండి." ఎంసీబీ పాడైందని వాళ్ల నమ్మకం. అది పాడవలేదు. గోడలో వైరు వేడెక్కుతోందని చెబుతోంది. నేను పెద్దది వేయనంటే మొహమాటం లేకుండా ఫోన్ పెట్టేసి ఇంకొకరిని పిలుస్తారు. ఆ ఇంకొకరు పది నిమిషాల్లో 32 ఆంపియర్లది బిగించి, డబ్బు తీసుకుని వెళ్లిపోతారు. ఏసీ హాయిగా తిరుగుతుంది. ఇంటిల్లిపాదీ దాని కింద నిద్రపోతారు. అది తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

తెనాలిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇళ్లకు వైరింగు చేయడం నా వృత్తి. కాలిపోయిన గదుల్లోకి వెళ్లి బోర్డులు విప్పి చూసిన అనుభవం ఉంది కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎంసీబీ ఉన్నది ఏసీని కాపాడడానికని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును. వైరు లావును బట్టి ఎంసీబీ వేయాలి తప్ప, తగిలించిన సామానును బట్టి కాదు. మన ఇళ్లలో లైట్లకు, ఫ్యాన్లకు, చిన్న ప్లగ్గులకు లాగేది ఒకటిన్నర ఎంఎం రాగి వైరు. దానికి 10 ఆంపియర్ల ఎంసీబీ సరిపోతుంది. ఏసీకి విడిగా నాలుగు ఎంఎం వైరు డీబీ (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) నుంచి నేరుగా లాగాలి. అలా లాగితే గోడ కొట్టాలి, లేదా పైన పట్టీ వేయాలి. రంగులు వేయించి ఏడాది కాలేదంటారు. అందుకని మంచం పక్కనున్న ప్లగ్గుకే ఏసీ తగిలిస్తారు. ఒకటిన్నర టన్నుల ఏసీ ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. అదే లైనులో వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె నాలుగు పైచిలుకు, పదిహేను వందల వాట్ల కెటిల్ ఆరున్నర. అన్నీ కలిస్తే పంతొమ్మిది. 10 ఆంపియర్ల ఎంసీబీ పడిపోక ఏం చేస్తుంది?

దాని చోట 32 వేశారనుకోండి. 32 రాసి ఉన్న ఎంసీబీ 32 దాటగానే పడిపోదు. ప్రమాణాల ప్రకారమే అది దాదాపు 36 ఆంపియర్లను గంటసేపు నిలబడి పంపగలగాలి. పదిహేను ఆంపియర్లకే చాలనిపించే వైరులో ముప్పై ఆరు! కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. మామూలు పీవీసీ తొడుగు తట్టుకునేది 70 డిగ్రీలు. అది దాటితే తొడుగు మొదట మెత్తబడుతుంది, తరువాత పెళుసుబారుతుంది, చివరికి పగుళ్లిస్తుంది. ఇదంతా ఒక్క రోజులో జరగదు. రెండు వేసవులో మూడు వేసవులో గోడలో వైరు మగ్గిపోయాక, ఒక రాత్రి ఫేజు న్యూట్రలుకు తగులుతుంది. షార్ట్ సర్క్యూటని మర్నాడు పేపర్లో వస్తుంది. కానీ ఆ ప్రమాదానికి బీజం పడింది పెద్ద ఎంసీబీ బిగించిన రోజున.

పాత ఇళ్ల సంగతి మరీ కష్టం. డెబ్బైలలో రాగి దొరక్క అల్యూమినియం వైర్లు వాడారు. అలాంటి ఇళ్లు మా ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి. కొన్నిటిలో కొయ్య పట్టీల మీద క్లిప్పులు కొట్టిన వైరింగే నడుస్తోంది. దానికి మధ్యలో రాగి వైరు మెలిపెట్టి టేపు చుట్టి కొత్త గదికి లాగుతారు. రాగీ అల్యూమినియమూ నేరుగా కలిపిన చోట తుప్పు పేరుకుంటుంది, అతుకు వదులవుతుంది. ఆ ఇళ్లలో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్నారు. పిల్లలు హైదరాబాద్ నుంచో, అమెరికా నుంచో ప్రేమగా ఏసీ, గీజరు ఆన్‌లైన్లో కొని పంపుతారు. నాన్నా, వాటితోపాటు వైరింగు మార్పించే ఖర్చు కూడా పంపండి. మీ అమ్మానాన్నలకు ముందు కావలసింది అది.

ఇక లూజ్ కాంటాక్ట్. నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదం ఇదే, ఎందుకంటే దీన్ని ఏ ఎంసీబీ పట్టుకోలేదు. స్విచ్ వెనక స్క్రూ వదులైంది. లైనులో వెళ్తున్న కరెంటు పది ఆంపియర్లే, ఎంసీబీకి అందులో తప్పేమీ కనిపించదు. కానీ ఆ వదులు చోట అర ఓము అడ్డు ఉందంటే చాలు, అక్కడ 50 వాట్ల వేడి పుడుతుంది. టీవీ బాగుచేసేవాళ్లు సీసం కరిగించే ఐరన్ 25 వాట్లదే. దానికి రెట్టింపు వేడి అగ్గిపెట్టంత చోటులో, ప్లాస్టిక్ బోర్డు వెనక, మీ కర్టెన్ పక్కన గంటల తరబడి ఉంటుంది.

ఇది ముందే తెలుస్తుంది. ప్లగ్గు పీకితే పిన్ను వేడిగా తగులుతుంది. సాకెట్ రంధ్రాల చుట్టూ పసుపో గోధుమో రంగు తిరుగుతుంది. చేపలు మాడినట్టు వాసన వస్తుంది. వెతికితే వంటింట్లో ఏమీ ఉండదు. స్విచ్ వేసినప్పుడు చిటచిట చప్పుడొస్తుంది, లైటు అదురుతుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ లైను ఆపేసి పని తెలిసినవాళ్లను పిలవండి. గీజరు ప్లగ్గును, ఏసీ ప్లగ్గును ఏడాదికొకసారి విప్పించి స్క్రూలు బిగించమనండి. రెండు వందలో మూడు వందలో తీసుకుంటారు. ఇండక్షన్ పొయ్యి, గీజరు, ఏసీ, హీటర్ రాడ్డు వీటిలో దేన్నీ ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించవద్దు. బజార్లో దొరికే చాలా బాక్సులకు లోపలున్నది సన్నటి వైరు, పల్చటి రేకు.

ఆర్‌సీసీబీ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. తడిసిన గోడలోకో, పాడైన గీజరు ఒంట్లోకో కరెంటు కారుతుంటే పసిగట్టి ఆపేది అదే. 30 మిల్లీ ఆంపియర్లు దాటకముందే అది లైను కట్ చేసి మనిషి ప్రాణం కాపాడుతుంది, అలా కారే కరెంటుతో రాజుకునే మంటనూ ఆపుతుంది. అయినా నేను వెళ్లిన చాలా ఇళ్లలో అది డీబీలో అలంకారంగానే ఉంటుంది. వెనక వైరు దాన్ని దాటించి కలిపేసి ఉంటారు. కారణం ఎక్కువసార్లు ఇన్వర్టర్. దాన్ని పెట్టినవాళ్లు రెండు లైన్ల న్యూట్రళ్లను ఒకదానిలో ఒకటి కలిపేస్తారు. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు లెక్క కుదరక ఆర్‌సీసీబీ పడిపోతుంటుంది. న్యూట్రళ్లు విడదీయడానికి ఒక పూట పడుతుంది, దాన్ని దాటించడానికి అయిదు నిమిషాలు. మీ ఇంట్లో ఆర్‌సీసీబీ మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. ఇప్పుడే వెళ్లి నొక్కండి. ఇంట్లో కరెంటు పోకపోతే అది పనిచేయడం లేదన్నమాట.

మంటే వస్తే? హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18 ఆదివారం ఉదయం జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూటే కారణమై ఉంటుందని అధికారులు తొలుత చెప్పారు. కింద దుకాణాలు, పైన కాపురాలు, పైకి ఇరుకు దారి. ఎక్కువ మంది ఊపిరి తీసింది పొగ. దొంగల భయంతో కిటికీలన్నిటికీ గ్రిల్స్ బిగించి, తలుపులన్నిటికీ తాళాలు వేసి పడుకునే మనం, ఒక్క గ్రిల్‌కైనా లోపలి నుంచి తెరుచుకునే తలుపు పెట్టించుకోవాలి. తాళం చెవి ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉండాలి. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని పడకగదిలో చార్జింగ్ పెట్టి పడుకోవడం మానాలి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు అలా ఇంట్లో బ్యాటరీ పేలి ప్రాణాలు పోగొట్టుకున్నారు. పొగ కనిపిస్తే మెయిన్ ఆపండి, చేతికి అందితేనే. నీళ్లు పోయవద్దు. బయటికి వచ్చాక 101కి ఫోన్ చేయండి.

జాగ్రత్త మొత్తం ఇంటివాళ్ల నెత్తిన వేసి ఊరుకోవడం మాత్రం నాకు ఒప్పుదల కాదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు గోడ కొట్టలేరు. ఓనరు ససేమిరా అంటాడు. కొత్త సర్వీసు ఇచ్చేటప్పుడు టెస్టు రిపోర్టు అడుగుతారు. ఆ తరువాత ముప్పై ఏళ్లు గడిచినా లోపలి వైరు మొహం చూసే నాథుడు ఉండడు. వాడకం పెరిగింది, అదనపు లోడుకు డబ్బు కట్టండి అని మాత్రం నోటీసు వస్తుంది. కడితే కాగితం మీద కిలోవాట్లు పెరుగుతాయి. గోడలో వైరు అదే ఒకటిన్నర. ఏసీ అమ్మే దుకాణం మనిషిని పంపుతుంది, అతను గోడకు రంధ్రం చేసి, గ్యాసు చూసి, దగ్గరున్న ప్లగ్గుకు తగిలించి వెళ్లిపోతాడు. అతని పనిలో వైరు చూడడం లేదు.

ఆ పని అతనిది కావాలి. వైరు లావు, ఎంసీబీ సైజు చూసి రాసి సంతకం పెట్టకుండా ఏసీ బిగించకూడదని నిబంధన తేవాలి. విద్యుత్ సంస్థలు అదనపు లోడు ఇచ్చేముందు పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేత డీబీ విప్పించి చూడాలి. ఆ ఖర్చు కట్టించుకుంటున్న డబ్బులోంచే పెట్టవచ్చు. వైరింగు మార్చాల్సి వస్తే అది ఓనరు బాధ్యతని అద్దె ఒప్పందాల్లో రాయాలి. నేను పని చేసిన ఇళ్లలో డీబీ మూత లోపల ఒక కాగితం అంటిస్తున్నాను. ఏ ఎంసీబీ కింద ఎన్ని ఎంఎం వైరు ఉంది, ఎంతకు మించి వేయకూడదు, ఏ తేదీన చూశాను అని రాసి ఉంటుంది. లోడు పెంచమనే ప్రతి దరఖాస్తుతో ఆ కాగితం ఫోటో ఒకటి అడగడం మొదలుపెడితే, ఈ వేసవికే చాలా ఇళ్లలో డీబీ మూతలు తెరుచుకుంటాయి.