పచ్చగా ఉన్నప్పుడే ఫొటో తీస్తే ఎట్లా?



డిసెంబర్ నెలాఖరు. మా దేవరకొండ దిక్కు కంది కోతకొచ్చింది, పత్తి చివరి ఏరుడు నడుస్తోంది. పగలు చేన్లో, రాత్రి ఫోన్ ముందు. ఫోన్‌లో జాగా లేదని పది రోజుల నుంచి ఒకటే మెసేజ్. ఖాళీ చేద్దామని కూర్చుంటే లెక్క తేలింది. ఈ ఒక్క ఏడాదిలో నేను తీసిన ఫొటోలు 11 వేల పైచిలుకు. తిరిగిన ఊళ్లు 74. అందులో మా సొంత చేను ఫొటోలు ఎన్ని ఉన్నయో అని వెతికితే 31 దొరికినయి. వాటిలో తొమ్మిది మా కుక్కవి.

మా అమ్మ ఆగస్టులోనే అడిగింది. "ఊరూరా తిరిగి అందరి చేన్లు ఫొటోలు దీస్తున్నవ్, మన చేను ఫొటో ఏదిరా?" అని. అప్పుడు నవ్వి ఊరుకున్నా. మన చేను ఆ నెలలో ఫొటో తీసేటట్టు లేదు మరి. జూలైలో మంచి పదును మీద గుంటుక తోలాల్సిన వారం రోజులు నేను అనంతపురంలో ఉన్నా, అక్కడి రైతులు వానల కంటే ముందే నవధాన్యాలు చల్లి నేలను ఎట్లా కప్పి ఉంచుతున్నారో వీడియో తీస్తూ. తిరిగొచ్చే సరికి ముసురు పట్టింది, చేన్లోకి నాగలి పోదు. గరిక, తుంగ మోకాలు దాకా లేచినయి. కలుపు కూలీలకు 14 వేలు పెట్టిన. ఆచ్ఛాదన గురించి అందరికీ చెప్పే మనిషి చేను అట్లా ఉంది. ఆ ఫొటో మాత్రం ఒక్కటి కూడా లేదు.

ఇదంతా ఎట్లా మొదలైందో చెప్తా. నిరుడు దీపావళికి ముందు అచ్చంపేట దిక్కు ఒక పెద్దాయన చేను వీడియో తీసిన. ఆరేండ్ల నుంచి మందు బస్తా ముట్టని మనిషి. పత్తి, కంది కలిపి వేసిండు, గెట్ల మీద ఆముదం, బంతి. ఇంటి ముందు మూడు పొడ తూర్పు ఆవులు. తెల్లని ఒంటి మీద చుక్కలు చుక్కలుగా ఉండే ఈ అమ్రాబాద్ పశువులకు దేశవాళీ జాతిగా జాతీయ గుర్తింపు కూడా దక్కిందని మీలో చాలామందికి తెలుసు. ఫొటోకి అంత అందమైన ఆవు ఇంకోటి ఉండదు. తొమ్మిది నిమిషాల వీడియో. నేను పెట్టిన అన్నిట్లోకి అదే ఎక్కువ పోయింది. ఆ ఊపులోనే ఈ ఏడాదంతా తిరిగిన. డ్రోన్ కూడా కొన్న.

లాభం కాలేదని అనను. మా కందిపప్పు, గానుగ పల్లి నూనె హైదరాబాద్‌లో కొనేటోళ్లలో సగం మంది ఫొటోలు చూసి వచ్చినోళ్లే. మధ్యలో దళారి లేకుండా అమ్ముకుంటున్నామంటే ఫోన్ కెమెరా పుణ్యమే. ఆ మాట దాచిపెట్టి కెమెరాని తిట్టడం న్యాయం కాదు.

కానీ ఈ డిసెంబర్ మొదటి వారంలో ఒక ఫోన్ వచ్చింది. మర్రిగూడ మండలం తమ్ముడు. కౌలుకి నాలుగెకరాల చెల్క చేస్తాడు. "అన్నా, నీ వీడియో జూసే మందులన్నీ బంద్ జేసిన. నిరుడు ముప్పై క్వింటాళ్లు ఎల్లింది పత్తి. ఈసారి ఇప్పటికి పదకొండు ఏరిన. కౌలు కట్టంగ, ఏరినోళ్లకు ఇయ్యంగ ఏం మిగలలే." నేను ఏం చెప్పాలో తెలవక జీవామృతం ఎన్నిసార్లు పెట్టినవ్, నీమాస్త్రం కొట్టినవా అని అడగబోయిన. ఆయన ఆపి అన్నడు: "నువ్వు అబద్ధం జెప్పినవంటలేను అన్నా. గా పెద్దమనిషి చేను అట్ల ఎట్లున్నది, నాది ఇట్ల ఎందుకున్నదో గది జెప్పు."

ఆ రాత్రి హార్డ్ డిస్క్ తీసి పెద్దాయన దగ్గర రికార్డు చేసింది మొత్తం మళ్లీ చూసిన. అందులో ఆయన చెప్తున్నడు. మొదటి ఏడు పంట సగానికి పడిపోయిందని, రెండో ఏడు కూడా అంతంతే అని, ఇంట్ల లొల్లి అయిందని, రెండు బర్రెల పాలే ఆ రెండేండ్లు ఇల్లు సాకినయని, భూమి సొంతది కాబట్టి తట్టుకున్నానని. నాలుగు నిమిషాలు చెప్పిండు. ఆ నాలుగు నిమిషాలు నేనే కట్ చేసిన. వీడియో లెంత్ ఎక్కువైతే చూడరని. కట్ చేసిన జాగాలో ఆవు ఫొటో పెట్టిన.

పైన ఉన్న వీడియో ఆ నాలుగు నిమిషాలే. ఎక్కడా కత్తిరించలేదు. పాత వీడియో చూసినవాళ్లు ఇది కూడా చూడండి.

ఇది నా ఒక్కడి తప్పే, ఇంకొకరి మీదికి తొయ్యను. కానీ మన ప్రకృతి వ్యవసాయం వీడియోలన్నీ ఒకసారి వరుసగా చూడండి. ఏ చేనైనా ఆగస్టు నుంచి నవంబర్ లోపే కనిపిస్తుంది. మేలో మన పాలమూరు, నల్లగొండ చెల్కలు ఎట్లుంటయో ఎవరు చూపిస్తున్నరు? భూమి సొంతమా కౌలా, మందులు మాని ఎన్నేండ్లయింది, బోరు ఉందా, ఇంట్ల వేరే ఆదాయం ఏంది అనే నాలుగు ముక్కలు చెప్పకుండా దిగుబడి ఒక్కటే చెప్తే అది సగం సంగతి కూడా కాదు. సగం సంగతి విని కౌలు రైతు నాలుగెకరాలు మార్చిండు.

2024 నవంబర్ 25న కేంద్రం ప్రకృతి వ్యవసాయానికి జాతీయ మిషన్ ప్రకటించింది. 2,481 కోట్లు, 15 వేల క్లస్టర్లు, 7.5 లక్షల హెక్టార్లు, కోటి మంది రైతులకు చేరవేయాలని లెక్క. మంచిదే. కానీ ఆ కోటి మందిలో చాలామంది మీటింగుకు పోయే ముందు ఫోన్‌లో మనలాంటోళ్ల వీడియో చూస్తరు. మొదటి ఏడు దెబ్బ తిన్న రైతు రెండో ఏడు మళ్లీ రాడు. పక్క చేను వాళ్లను కూడా రానియ్యడు.

ఈ తిరుగుడులో నాకు నిజంగా పనికొచ్చిన పాఠం ఏడాది మొదట్లోనే దొరికింది, పట్టించుకోలేదు. సంక్రాంతికి జహీరాబాద్ దిక్కు పాత పంటల జాతరకు పోయిన. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లు ఏటా జరిపేది. చిరుధాన్యాల విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతయి. బండ్ల ఫొటోలే 400 తీసిన. కానీ అక్కడ చూడాల్సింది బండ్లు కాదు, కెమెరా పట్టిన ఆడవాళ్లను. బడి ముఖం చూడని దళిత మహిళా రైతులు అక్కడ ఇరవై ఏండ్లకు పైగా సినిమాలు తీస్తున్నరు. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు వీళ్లు కెమెరాలు పట్టుకొని వరంగల్ జిల్లాకు పోయి, పత్తి రైతుల చేన్లకు మళ్లీ మళ్లీ పోయి తీసిండ్రు. పంట మొదట్లో రైతు మాట ఏంది, చివరికి ఏంది అన్నది కళ్లకు కనిపించేటట్టు. 2003లో ఒక సినిమా, మూడు పంటలు చూసినంక 2005లో ఇంకొకటి. బీటీ మీద మీ అభిప్రాయం ఏదైనా కానీయండి, నేను మాట్లాడేది పద్ధతి గురించి. ఒక చేనుకు మళ్లీ పోవడం గురించి.

వాళ్లు షాట్లకు పెట్టుకున్న పేర్లు కూడా వినాలి. పైనుంచి కిందికి చూస్తూ తీస్తే అది పటేల్ షాట్. మనిషి కంటికి సమానంగా, ఎదురుగా కూర్చున్నట్టు తీస్తే సంఘం షాట్. ఇది విన్నప్పుడు మస్తు నవ్విన. మార్చిలో పోయి డ్రోన్ కొన్న. పటేల్ గడీ మీది నుంచి చూసేవాడు, నేను 120 మీటర్ల మీది నుంచి చూసిన, అంతే తేడా. అంత ఎత్తు నుంచి చూస్తే పచ్చదోమ సోకిన చేను కూడా పచ్చగానే కనిపిస్తది.

పిల్లలమర్రి సంగతి కూడా చెప్పాలి. మే నెలలో మహబూబ్‌నగర్‌లో ఒక మీటింగ్ ఉంటే పోయి చూసొచ్చిన. మూడెకరాలు పరుచుకున్న మర్రి, దాదాపు 700 ఏండ్లదని చెప్తరు. చిన్నప్పుడు బడి టూర్‌లో పోయి కొమ్మలెక్కి ఫొటో దిగిన. మాలాగే వేలమంది ఎక్కిండ్రు, ఊగిండ్రు. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగి పడేదాకా లోపల చెద ఎంత తిన్నదో బయటి లోకానికి తెలవలేదు. తర్వాత జనాన్ని రాకుండా ఆపి, 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి క్లోరిపైరిఫాస్ చుక్క చుక్కగా ఎక్కించిండ్రు, సిమెంటు దిమ్మెలు ఆనిచ్చిండ్రు. మర్రిచెట్టుకు పురుగుమందు సెలైన్ అంటే మనోళ్లు గ్రూపుల్లో జోకులు వేసుకున్నరు, నేనూ వేసిన. ఇప్పుడు నవ్వు రావట్లేదు. అన్ని ఫొటోల్లో ఒక్కటి కూడా చెద కోసం తీసింది కాదు కదా.

మర్రిగూడ తమ్ముడి దగ్గరికి ఆ ఆదివారమే పోయిన. ఫోన్ జేబులోనే ఉంచిన. చేను తవ్వి చూస్తే వానపాము ఒక్కటి లేదు. పదేండ్లుగా వేరే వేరే కౌలుదారులు యూరియా, గడ్డిమందుతో నడిపిన భూమి. అటువంటి నేలలో ఎకరానికి 200 లీటర్ల జీవామృతం మూడుసార్లు పోస్తే మొదటి పంటకే ఏమైతది? జీవం లేచి రావాలంటే దానికి తిండి ఉండాలి, నీడ ఉండాలి, టైం ఉండాలి. కౌలు రైతుకు టైమే లేదు, వచ్చే ఏడు భూమి ఎవరి చేతిలో ఉంటదో తెలవదు.

నా మాట మన మిత్రుల్లో కొందరికి నచ్చదు, అయినా చెప్తున్నా. కౌలు రైతును మొత్తం భూమి ఒకేసారి మార్చమని చెప్పొద్దు. ఒక్క ఎకరం, అది కూడా పత్తి కాకుండా ఇంట్లోకి పనికొచ్చే జొన్న, కంది, పెసర, అనుములు కలిపి వేసుకోమందాం. మిగతా మూడెకరాల్లో మందు తగ్గించుకుంటూ రమ్మందాం. ఇది రాజీ పడటం అంటే అనండి. పదకొండు క్వింటాళ్ల లెక్క నా ముందు పెట్టి, సున్నా తేడా రావద్దని అడిగిన మనిషికి నేను సిద్ధాంతం చెప్పలేను. తమ్ముడు కూడా అదే అనుకున్నడు. ఎకరానికి దేశీ జొన్న విత్తనం నేనిస్తా అన్న. ఘన జీవామృతానికి ఆవు పేడ మా ఊరి నుంచి ట్రాలీలో పంపిస్తా.

ఇక వచ్చే ఏడు నేనేం చేస్తానో రాసి పెడుతున్నా, రేపు మీరు అడగడానికి. 74 ఊళ్లు కాదు, ఐదే చేన్లు. అందులో ఒకటి మర్రిగూడ ఎకరం, ఒకటి అచ్చంపేట పెద్దాయనది, ఒకటి మాది. మిగతా రెండు ఇంకా తేల్చుకోలేదు, బత్తాయి తోట ఒకటి ఉండాలని ఉంది, చండూరు దిక్కు చూస్తున్న. ప్రతి చేనుకూ కనీసం నాలుగుసార్లు పోవాలి: రోహిణి ఎండలో, పునర్వసులో, హస్తలో, కోత అయినంక లెక్క చూసేటప్పుడు. డిప్లొమాలో మాకు చెప్పిన మొదటి పని, మడిలో ఐదు మొక్కలకు గుర్తు కట్టి ప్రతి వారం ఆ ఐదింటినే చూడమని. మంచి మొక్క కనపడ్డదని పక్కకు పోయి కొలిస్తే సార్ రికార్డు చింపేసేవారు. ఇన్నేండ్లకు అది గుర్తొచ్చింది. మా చేను ఈశాన్యం మూలన రాతి కడీ ఒకటి ఉంది. నెలలో మొదటి రోజు ఆ కడీకి ఆనుకొని ఒకే దిక్కుకు ఒక్క ఫొటో. గడ్డి ఉంటే గడ్డితోనే. మీరు కూడా మీ చేన్లో ఒక కడీనో, వేప చెట్టునో పట్టుకొని ఈ పని మొదలుపెట్టండి, డ్రోన్ అక్కర్లేదు. పీజీఎస్ గ్రూపులో ఒకరి చేను ఒకరు చూసుకునేటప్పుడు ఆ పన్నెండు ఫొటోలు మీ నోటి మాట కంటే గట్టిగా పనికొస్తయి.

ప్రతి వీడియో చివర ఖర్చు, దిగుబడి, సొంతమా కౌలా, ఎన్నో ఏడు అన్నవి చెప్తా. రైతు వద్దంటే ఆ వీడియో పెట్టను. పదును ఉన్న రోజుల్లో ఎవరు పిలిచినా ఊరు దాటను, ఇది మా అమ్మకిచ్చిన మాట. డ్రోన్ అమ్మకానికి పెట్టిన. సగం ధర కూడా వచ్చేటట్టు లేదు.

జనవరి 1న కడీ దగ్గర మొదటి ఫొటో. ఆ రోజుకు కంది కోసి ఉంటం, నేల బోసిగా ఉంటది. 4న పొద్దున పేడ ట్రాలీతో మర్రిగూడ పోతున్నా.