మామూలే అన్న మాట చాలదు

వానకాలపు ఉదయమున అండమాను దీవులలోని మా తుష్నాబాదులో ఏ కారు స్టార్టు చేసినను సైలెన్సరు నుండి తెల్లని ఆవిరి వెలువడి, తేమ నిండిన గాలిలో వెంటనే కరగక, పోకచెట్ల మొదళ్లయొద్ద కొంతసేపు తారాడుట మాకందరకు పరిచితమైన దృశ్యమే; లీటరు పెట్రోలు మండినచో దాదాపు లీటరు నీరు పుట్టునన్న సంగతి తెలిసినవారెవరును ఆ తెల్లదనమును చూచి బెదరరు. కాని ఆ మధ్య మా వీధిలోని యువకుని కారు వెనుక నిలిచినది తెలుపు కాదు. అది నీలిఛాయ గల పొగ. మాడిన నూనె కమురు ముక్కునకు తగిలించు పొగ. తాతల నాడు శ్రీకాకుళము నుండి ఈ దీవులకు వచ్చి స్థిరపడిన కుటుంబము వారిది. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్మునకు బ్యాంకు అప్పు జోడించి, ఓడ మీద దింపించుకొన్న స్పోర్ట్స్ కారది. అప్పుడే వెయ్యి కిలోమీటర్లు నిండినవి. "బాబాయి గారూ, కొత్త బండి ఆయిలు తాగుతుందా?" అని అతడడిగినప్పుడు ఆ గొంతులోని దిగులు నన్ను కదలించినది.

కారును సమతలమైన చోట నిలిపి, ఇంజను ఆపి, ఆయిలంతయు క్రిందికి దిగువరకు పది నిమిషములు వేచి, డిప్‌స్టిక్కు లాగి, పాత పంచెగుడ్డతో తుడిచి, మరల ముంచి తీసితిమి. తేనెరంగు ఆయిలు పై గీతను అందుకొనక, రెండు గీతల నట్టనడుమ ఆగిపోయినది. చాలా కార్లలో ఆ రెండు గీతల మధ్య తేడా సుమారు ఒక లీటరు. అనగా అర లీటరు ఖర్చయిపోయినదన్నమాట. కారు అమ్మినవారికి ఫోను చేయగా వచ్చిన సమాధానము ఒక్కటే: "అది మామూలే సార్, స్పోర్ట్స్ ఇంజను కదా!"

ఆ మాట అబద్ధము కాదు. నా ఫిర్యాదు అది అసంపూర్ణమన్నదే. కొత్త ఇంజనులో పిస్టన్ రింగులును, సిలిండరు గోడ మీద కావలెననియే గీసి విడిచిన సన్నని గీతలును ఒకదానినొకటి ఒరసి, అరిగి, ఒద్దికగా అమరువరకు కొంత ఆయిలు పైకెక్కి పెట్రోలుతో పాటు మండుట సహజము. అంబాసిడరు కార్ల వెనుక అద్దమునకు 'రన్నింగ్ ఇన్' అని కాగితమంటించుకొని, నెల రోజులు నెమ్మదిగా నడిపిన పెద్దలకిది చెప్పనక్కరలేదు. దానికి తోడు నేటి ఇంజనులు పెట్రోలు పొదుపు కొరకు పలుచని ఆయిలును, బిగువు తక్కువైన రింగులను వాడుచున్నవి. స్పోర్ట్స్ కారులో టర్బో వేడియు, మిక్కుటమైన వేగమును చేరును. నిర్మాణమును బట్టియు భేదములు కలవు. పోర్షె 911లో సిలిండర్లు పడుకొనియుండును గనుక రాత్రి జారిన ఆయిలు ఉదయపు తొలి స్టార్టులో పొగయై వచ్చుట కద్దు. మాజ్డా ఆర్ఎక్స్-8 రోటరీ ఇంజనులోనైతే సీళ్లు అరిగిపోకుండ ఆయిలును కొలిచి లోపలికి చిమ్ము పంపునే అమర్చినారు.

అయినను పొగ ఎప్పుడు వచ్చుచున్నదన్నది ముఖ్యమైన సాక్ష్యము. ఎక్కుడు రోడ్డులో బరువున లాగునప్పుడు నీలిపొగ వచ్చినచో రింగుల వైపు చూడవలెను. రాత్రంతయు నిలిపిన పిమ్మట తొలి స్టార్టులోనో, దిగుడులో యాక్సిలరేటరు వదలి దిగివచ్చి మరల నొక్కినప్పుడో వచ్చినచో వాల్వు సీళ్ల వైపు చూడవలెను. బంబూఫ్లాట్ జెట్టీ దగ్గర ఫెర్రీకై ఇంజను ఆపకుండ అరగంట నిలిచి, కదలగానే పొగ వచ్చినచో వాల్వు సీళ్లతో పాటు టర్బోను కూడ అనుమానించవలెను. నల్లపొగ పెట్రోలు ఎక్కువగుటకు గుర్తు; దాని కథ వేరు.

ఇక ఈ దీవులలో బాగుగ తెలిసివచ్చు ఒక మోసము కలదు. ఇంటినుండి ఫెరార్‌గంజ్ బజారుకు, బజారునుండి ఇంటికి సాగు కురుచ ప్రయాణములలో ఇంజను పూర్తిగ వేడెక్కదు. మండగా పుట్టిన నీరును, మండని పెట్రోలును ఆయిలులో దిగి కలసిపోవును. ఆయిలు ఖర్చగుచున్నను ఆ కలగలుపు దాని చోటు నింపుచుండుటచేత డిప్‌స్టిక్కు మట్టము తగ్గినట్లు చూపదు. యజమాని నిశ్చింతగ నుండును. ఒకనాడు ట్రంకు రోడ్డు మీద దూరప్రయాణము చేసి ఇంజను కాగినంతనే నీరును పెట్రోలును ఆవిరియై, నిజమైన మట్టము బయటపడును. ఒక్కనాటిలో ఇంత ఆయిలు ఎటుపోయెనని ఆనాడు గుండె గుభేలుమనును.

పెక్కు యూరోపియను కార్ల పుస్తకములలో వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు వరకు సహజమని అచ్చు వేసియున్నారు. సర్వీసుకును సర్వీసుకును నడుమ పదివేల కిలోమీటర్లనుకొన్నచో అది అయిదు లీటర్లు. అనేక ఇంజనులలో నిండుగ పోయు ఆయిలంత! కొనునాడు టైర్ల వెడల్పును, పాటల పెట్టె శక్తిని గంటసేపు వర్ణించినవారు ఈ ఒక్క అంకెను నోటితో చెప్పకపోవుట న్యాయము కాదని నా దృఢాభిప్రాయము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వస్తువు నాణ్యతను, ప్రమాణమును తెలిసికొను హక్కును కొనువానికిచ్చినది. ఓడప్రయాణము చేసి ప్రధానభూమికి పోనక్కరలేకుండ, తాను నివసించుచోటనే ఫిర్యాదు చేయు వీలును కల్పించినది. అయితే వారంటీ షరతు లోపమున్న భాగమును మార్చుటకే పరిమితమైనప్పుడు కారునే మార్చి ఇమ్మనుట చెల్లదని సుప్రీంకోర్టు 2006లో మారుతీ సంస్థ కేసులో చెప్పినది. కనుక లోపమెక్కడో చూపగల లెక్క యజమాని చేతిలో నుండవలెను. అమెరికాలో సుబారు కార్ల యజమానులు ఆయిలు ఖర్చుపై కోర్టుకెక్కగా, 2016 నాటి రాజీలో ఆ సంస్థ కొన్ని నమూనాలకు ఇంజను వారంటీని 8 సంవత్సరములకు, లేదా 1,00,000 మైళ్లకు పొడిగించినది.

మన దేశములో తొలి రిజిస్ట్రేషను నాటినుండి ఏడాది వరకు కొత్త బండికి పొల్యూషను సర్టిఫికెట్టే అక్కరలేదు. అనగా నీలిపొగను కనిపెట్టు బాధ్యత ఆ ఏడాదియంతయు యజమానిదే. ఆ పొగలోని భాస్వరము సైలెన్సరు దారిలోని కెటలిటిక్ కన్వర్టరును క్రమముగ చంపును గనుక ఇది ఒక ఇంటివాని ఆయిలు ఖర్చు మాత్రమే కాదు, వీధివారి ఊపిరి సంగతి కూడ. కారు తాళములిచ్చునాటి కాగితము మీదనే ఇంజను ఎంత ఆయిలు తినవచ్చునో, ఎంత మించినచో వారంటీలో విప్పి చూడవలెనో అంకెలలో వ్రాసి, ఇరువురును సంతకములు చేయు నియమమును రవాణా శాఖ పెట్టవలెనని కోరుచున్నాను. వర్క్‌షాపు సముద్రమునకు ఆవల నున్నవానికి ఆ కాగితమే ఆధారము.

నేను చెప్పగా ఆ యువకుడొక నోటుపుస్తకము పెట్టినాడు. తేది, కిలోమీటర్లు, పోసిన ఆయిలు, పొగ ఎప్పుడు వచ్చినది అని నాలుగు గళ్లు గీచినాడు. 1,000 దగ్గర అర లీటరు. 2,000 దగ్గర పావు లీటరు కంటె కొంచెమెక్కువ. అయితే ఆ రెండవ వేయియంతయు బజారు ప్రయాణములే. ఆ అంకెను నేనింకను నమ్మలేదు. ఆదివారము అతడు ట్రంకు రోడ్డు మీద జిర్కాటాంగ్ వద్ద వాహనముల కాన్వాయిలో చేరి రంగత్ వరకు దూరప్రయాణము చేసి రావలెననుకొనుచున్నాడు. మూడవ వరుస అందాక ఖాళీగనే యున్నది.