నడిదారిలో ఆగిన గూడుబండి

మన చట్టంలోని ఒక భావనతో నాకు చాలాకాలంగా పేచీ ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 201వ సెక్షను, చెడిపోయి రోడ్డు మీద నిలిచిన బండిని రాకపోకలకు అడ్డంకిగా లెక్కగట్టి, గంటకు 50 రూపాయల దాకా జరిమానా విధించమన్నది. 2019 సవరణలో ఆ 50 కాస్తా 500 అయింది. 127వ సెక్షను ఇంకొక అడుగు ముందుకేసి, పది గంటలకు పైగా దిక్కులేకుండా పడివున్న బండిని పోలీసులు లాగించివేయవచ్చుననీ, ఆ ఖర్చు యజమాని నెత్తినే పడుతుందనీ చెబుతుంది. ఈ రెండూ అక్కరలేని సెక్షన్లని నేననను. వెనక దీపం లేకుండా చీకట్లో ఆగివున్న లారీని గుద్దుకొని పోయిన మోటారు సైకిలు కుర్రవాడొకడు మా ప్రాంతంలో ప్రతి ఊరికీ ఉన్నాడు. బండి చెడితే వెనకాల నాలుగు బండరాళ్ళూ ఒక వేపకొమ్మా పెట్టడం, బాగయ్యాక కొమ్మనూ రాళ్ళనూ అక్కడే వదిలేసి చక్కా పోవడం మన దేశంలో మాత్రమే చూడగలిగిన మర్యాద. ఆ రాళ్ళకు ఎవరు జరిమానా వేస్తారో నాకింతవరకు తెలియలేదు.

నా పేచీ మరొకటి. బండి ఆగిన మరుక్షణం నుంచి చట్టమూ, బీమా సంస్థా, టోలు గుత్తేదారూ, క్రేను వాడూ అందరూ రోడ్డును ఖాళీ చేయడం గురించే ఆలోచిస్తారు. బండిలో ఉన్న మనుషులు ఆ రాత్రి ఎక్కడ తలదాచుకోవాలన్నది ఎవరి కాగితంలోనూ ఉండదు. కారు ఆగితే ఆటో ఎక్కి ఇంటికి పోవచ్చును. ఆగిన బండే ఇల్లయితే ఎక్కడికి పోవాలి?

ఇంగ్లీషువాళ్ళు మోటార్‌హోమ్ అనే ఆ వాహనాన్ని మనవాళ్ళు సినిమావాళ్ళ పుణ్యమా అని కారవాన్ అంటున్నారు. కారవాన్ అంటే అసలు బిడారు, ఒంటెల వరస; ఒక్క బండికి ఆ పేరు అతకదు. వెదురు తడకలతో పైన గూడు కట్టిన ఎడ్లబండిని మన పెద్దలు గూడుబండి అన్నారు. ఎడ్లు పోయి ఇంజను వచ్చినంత మాత్రాన మాట చచ్చిపోవలసిన పనిలేదు. ఈ టపాలో నేను గూడుబండి అనే అంటాను. ఇంతకన్న మంచి మాట చెప్పగలవారుంటే సంతోషంగా మార్చుకుంటాను.

ఇదంతా డబ్బున్న దొరల సరదా అని పెదవి విరిచేవారికి ముందే ఒక మనవి. తెలుగువాళ్ళకు గూడుబండి కొత్తదేమీ కాదు. 1982లో నందమూరి తారక రామారావుగారు పాత షెవర్లే వ్యానును చైతన్య రథంగా మార్చి రాష్ట్రమంతా తిరిగినప్పుడు, ఆయన తిండీ నిద్రా స్నానమూ రోడ్డు పక్కనే జరిగాయి. బండి నడిపింది కుమారుడు హరికృష్ణగారు. ఆ రథం ఎక్కడైనా మొరాయిస్తే తోయడానికి వేయిమంది ఉండేవారు, అది వేరే సంగతి. అంతకు ఎన్నో తరాల ముందునుంచీ మేడారం జాతరకు మా పల్లెలు గూడుబండ్లలోనే కదిలాయి. బియ్యమూ, బెల్లమూ, కోళ్ళూ, పిల్లలూ, ముసలివాళ్ళూ అన్నీ బండిలోనే. మా తాతగారు చెప్పేవారు: బండికట్టు మీద పోయేటప్పుడు కందెన గొట్టమూ, చీలలూ ప్రతి బండికీ ఉండేవి, ఇరుసు మాత్రం ఊరి మొత్తానికి ఒకటి అదనంగా తీసుకొనిపోయేవారు. ఎవరిది విరిగితే వాళ్ళకు. విరిగిన బండిని అడవిలో వదిలి ముందుకు పోయే మాటే లేదు. ఆ పూట అందరూ అక్కడే పొయ్యి పెట్టుకొనేవారు.

నేటికీ బండినే ఇల్లు చేసుకొన్నవారికి కొదవ లేదు. లారీ డ్రైవరుకూ క్లీనరుకూ నెలలో ఎక్కువ రోజులు క్యాబినే ఇల్లు. వరికోతల కాలంలో పంజాబు నుంచి కోతయంత్రాలతో వచ్చేవాళ్ళు నెలల తరబడి తమ బండ్ల నీడనే ఉంటారు. నేను మాట్లాడుతున్నది వీళ్ళందరి గురించీ.

ఇక నా అనుభవం. మా బావగారు ఉద్యోగ విరమణ తరువాత ఒక టెంపో ట్రావెలరును కొని, రవాణా శాఖ అనుమతితో గూడుబండిగా మార్పించారు. రెండు పడకలు, చిన్న వంటగట్టు, నూరు లీటర్ల నీళ్ళ తొట్టి. రిజిస్ట్రేషను కాగితాలలో మార్పు నమోదయింది. మన రవాణా శాఖ వాహన తరగతుల జాబితాలో సొంత వాడుకకు క్యాంపర్ వ్యాను అనే తరగతి ఉన్నది కూడా. రామప్ప, లక్నవరం చూసి తిరిగి వస్తుండగా ములుగు ఇవతల, దీపాలు పెట్టేవేళకు, క్లచ్చు పోయింది. బండిలో ఐదుగురం. అందులో మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు.

బీమాతోపాటు అదనంగా డబ్బు కట్టి కొన్న దారి సహాయం ఉన్నది కదా అని ధైర్యంగానే ఫోను చేశాము. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. బండి పొడవు అడిగింది, ఎత్తు అడిగింది, తరువాత ఐదు నిముషాలు సంగీతం వినిపించింది. "సార్, మా దగ్గర మీ బండి కారు కింద నమోదయింది. కానీ మీరు చెప్పే కొలతలకు మా ఫ్లాట్‌బెడ్ సరిపోదు సార్." అంటే రుసుము తీసుకొనేటప్పుడు కారు, సహాయం చేసేటప్పుడు కారు కాదు. ఈ తర్కం ఏ న్యాయశాస్త్రంలో ఉన్నదో నవ్యన్యాయ పండితులే చెప్పాలి.

మూడు గంటల తరువాత ముందు భాగాన్ని కొక్కేనికి ఎత్తి లాగే బండి ఒకటి వచ్చింది. వచ్చినతను రెండే మాటలన్నాడు. ఒకటి, మనుషులను ఎక్కించుకోవద్దని కంపెనీ నిబంధన. రెండు, కొక్కెం తగిలిస్తాను, జరగండి.

ఇక్కడ కాస్త యంత్రం సంగతి చెప్పక తప్పదు. మా బండి వంటివాటికి ఇంజను బలం వెనక చక్రాలకు అందుతుంది. ముందు భాగం ఎత్తి లాగితే నేల మీద దొర్లేవి ఆ వెనక చక్రాలే. అవి దొర్లుతుంటే వాటితోపాటు ప్రొపెల్లర్ షాఫ్టూ, దాని వెంట గేర్‌బాక్సులో వెనక కొసా తిరుగుతూనే ఉంటాయి. ఇంజను ఆగివుంది గనక లోపల నూనె చిమ్మవలసిన తీరులో చిమ్మదు. అట్లా పాతిక ముప్పై కిలోమీటర్లు లాగితే బేరింగులు మాడిపోతాయి. క్లచ్చు ప్లేటుతో పోయేది గేర్‌బాక్సు దాకా వస్తుంది. పైగా గూడుబండికి వెనక ఇరుసు దాటి తోక పొడవు. ముక్కు ఎత్తితే తోక నేలను గీరుకుంటుంది. లోపల గ్యాసు బండ, నీళ్ళు, గిన్నెలు, అద్దాలు సరేసరి. భారీ బస్సులకూ లారీలకూ ఇంకొక చిక్కు: గాలి బ్రేకుల్లో గాలి దిగిపోతే స్ప్రింగులు చక్రాలను బిగించి పట్టుకుంటాయి. మళ్ళీ గాలి ఎక్కించకుండానో, స్ప్రింగును బోల్టుతో వెనక్కి లాగి కట్టకుండానో లాగితే టైర్లు రోడ్డుకు అరిగిపోతాయి. ఇవి రహస్యాలు కావు. వరంగల్ ఆటోనగర్‌లో ఏ షెడ్డుకు పోయినా పదిహేనేళ్ళ పిల్లవాడు చెబుతాడు. లాగడానికి వచ్చినవాడికి మాత్రం ఇవి నేర్పాలని ఎవరికీ తోచలేదు.

మాకు తెలిసిన ఒక ముసలి మెకానిక్కు ఫోనులోనే కేక వేశాడు: "సారూ, గట్ల గుంజుకపోనియ్యకుండ్రి! గేర్‌బాక్సు ఖతమైతది. షాఫ్టు ఇప్పినంకనే గుంజాలె. నేనొస్తున్న, ఆగుండ్రి." వచ్చాడు. బండి కింద దూరి వెనకవైపు బోల్టులు విప్పి, షాఫ్టును దించి లోపల పెట్టాడు. అరగంట పని.

మా అత్తగారి విషయం అంతకు ముందే తేలిపోయింది. ఏటూరునాగారం వైపునుంచి హనుమకొండకు పోతున్న ఆర్టీసీ బస్సుకు చేయి ఎత్తాము. స్టాపు కాదు. అయినా డ్రైవరు ఆపాడు. కండక్టరు కిందికి దిగి, "రా అమ్మా, పైలంగ" అని చేయి పట్టి ఎక్కించుకొని, ముందు సీటు ఖాళీ చేయించాడు.

నా వాదమంతా ఆ కండక్టరు చేసిన పనిలో ఉన్నది. ఆర్టీసీ బస్సు చెడితే జరిగేదేమిటో మనందరికీ తెలుసు. కండక్టరు వెనక వచ్చే బస్సును ఆపి, అదే టిక్కెట్టు మీద జనాన్ని ఎక్కించి పంపుతాడు. ఆ తరువాతనే డిపోకు ఫోను, మెకానిక్కు రావడం, లాగుకొనిపోవడం. ముందు మనిషి, తరువాత ఇనుము. మిగతా లోకమంతా దీన్ని తలకిందులు చేసింది.

బీమా సంగతి చూడండి. 2002 నాటి మోటారు టారిఫ్‌లో ప్రైవేటు కారు పాలసీ ప్రామాణిక పాఠం, ప్రమాదంలో దెబ్బతిన్న బండిని దగ్గరి షెడ్డుకు చేర్చే ఖర్చుకు 1500 రూపాయల హద్దు పెట్టింది. ద్విచక్ర వాహనానికి 300. అదైనా ప్రమాదం జరిగితేనే. యంత్రం దానంతటది ఆగిపోతే మూల పాలసీలో నేరుగా మినహాయింపు. ఆ లోటును పూడ్చడానికని దారి సహాయాన్ని వేరే రుసుముకు అమ్ముతున్నారు. అమ్మనివ్వండి, తప్పులేదు. ఏ కొలతల బండికి వర్తిస్తుందో, ఎన్ని కిలోమీటర్లు లాగుతారో, మనుషులను ఏం చేస్తారో డబ్బు తీసుకొనే ముందు తెలుగులో రాసి ఇవ్వమంటున్నాను. ఇంగ్లండులో కూడా మామూలు సహాయ పథకాలకు బరువు, పొడవు హద్దులుంటాయి. అక్కడ గూడుబండ్లకు వేరే పథకాలున్నాయి; హద్దు ఎక్కడుందో కొనేవాడికి ముందే తెలుస్తుంది. జర్మనీలో 1903లో మోటారు సైకిళ్ళవాళ్ళు పెట్టుకొన్న సంఘమే నేటి ఏ.డి.ఏ.సి. బండ్లవాళ్ళు తమకు తాము కూడబలుక్కొంటే ఏమవుతుందో దాన్ని చూసి తెలుసుకోవచ్చు. మనకు కులానికొక సంఘమున్నది, దారిలో ఆగినవాడికి లేదు.

జాతీయ రహదారుల మీద టోలు కట్టేవారికి గస్తీ బండి, అంబులెన్సు, క్రేను అందుబాటులో ఉంచడం నిర్వాహకుల బాధ్యత. 2018 నుంచి 1033 అనే సహాయ సంఖ్య ఉన్నది. తెలియనివారు రాసిపెట్టుకోండి, ఇది నిజంగా పనికివచ్చే సంఖ్య. అయితే ఆ క్రేను ధర్మం బండిని దారినుంచి తొలగించి క్షేమమైన చోట నిలపడంతో సరి. హైదరాబాదు నుంచి భూపాలపట్నం పోయే 163వ నంబరు రహదారి మీద క్షేమమైన చోటు అంటే ఏమిటి? దీపమూ, మంచినీళ్ళూ, మరుగుదొడ్డీ, తాళం వేసిన బండిని రాత్రి కాచేవాడూ ఉన్న చోటా? లేక రోడ్డు అంచు తెల్లగీత అవతల ఉన్న మట్టిదిబ్బా? రోడ్డు దృష్టిలో రెండూ క్షేమమే. పసిపిల్ల తల్లి దృష్టిలో కాదు.

"ఇవన్నీ అయ్యే పనులా?" అని అడుగుతారని తెలుసు. అవుతాయని చూపించినవాళ్ళు మన కళ్ళముందే ఉన్నారు. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగిన మేడారం జాతరకు ఆర్టీసీ 6 వేల బస్సులు నడుపుతామని ప్రకటించింది. రెండేళ్ళకొకసారి ఆ నాలుగు రోజులూ వరంగల్లు నుంచి తాడ్వాయి అడవి దాకా దారి పొడుగునా మెకానిక్కులూ, క్రేన్లూ, తాగునీళ్ళూ, వైద్య శిబిరాలూ ఉంటాయి. ఆగిన బండిని నిముషాల మీద పక్కకు తీస్తారు, జనాన్ని వేరే బండి ఎక్కిస్తారు. లోటుపాట్లు ఉండవనను. కోటిమంది వస్తారని చెప్పుకొనే జాతరకు చేయగలిగిన పనిలో నూరోవంతును, మామూలు మంగళవారం రాత్రి ఆగిన ఒక్క లారీకి, ఒక్క గూడుబండికి చేయలేకపోవడం ఏమిటి? డబ్బు లేక కాదు. జాతరలో ఆగినవాడు భక్తుడు, ఓటరు. మంగళవారం ఆగినవాడు అడ్డంకి.

ఇంకొక విడ్డూరం. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటక విధానం ప్రకటించి, బండ్లు కొనేవారికీ, అవి నిలిపే పార్కులకూ ప్రోత్సాహకాలిచ్చింది. మన దగ్గరా రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చిన 2021 నుంచి ఇటువంటి ముచ్చట్లు వినబడుతున్నాయి. సంతోషమే. కానీ బండి కొనుక్కోమని పిలిచేముందు, దాన్ని ఎత్తగలిగిన పొడుగాటి ఫ్లాట్‌బెడ్ వరంగల్‌లో ఒక్కటైనా ఎవరి పిలుపుకు ఎంతసేపట్లో వస్తుందో చెప్పండి.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రతి టోలు గేటు దగ్గర లాగుడు ధరల పట్టిక తెలుగులో, పొద్దుపోయాక కూడా కనబడేటట్టు దీపం కింద ఉండాలి. నడిరాత్రి నడిరోడ్డు మీద బేరమాడవలసిన గతి ఎవరికీ పట్టకూడదు. లాగేవాడికి షాఫ్టు విప్పడమూ, గాలి బ్రేకు విడిపించడమూ వచ్చి ఉండాలి, రాకపోతే లైసెన్సు ఇవ్వకూడదు. లాగే బండిలో కనీసం నలుగురు కూర్చొనే క్యాబిను ఉండాలి. అటువంటి బండ్లు లోకంలో ఉన్నాయి, కొత్తగా కనిపెట్టనక్కరలేదు. జనగామ, హనుమకొండ, ములుగు బస్‌స్టేషన్ల పక్కన ఆగిన బండిలో మనుషులు ఒక రాత్రి పడుకొనేందుకు నాలుగు బండ్లు పట్టే చోటు, ఒక కొళాయి, ఒక ప్లగ్గు కావాలి. అద్దె తీసుకోండి, ఇస్తాము.

మా బండి మూడోనాడు బాగయింది. ముసలి మెకానిక్కు క్లచ్చు ప్లేటుకూ కూలికీ తీసుకొన్నదానికన్న లాగుడుకు అయినది ఎక్కువ. రసీదులన్నీ పంపించి బావగారు ఆ సంస్థకు నాలుగు ఉత్తరాలు రాశారు. కొలతలు మరొకసారి పంపించమని నిన్న జవాబు వచ్చింది.